ఎలీషాకు పదకొండు హోటళ్లు

ఇళ్లలో వంటగది ఉండకూడదు. అసలు ఉండనే కూడదు! నా మాట వినే నాథుడుంటే, వంటగది గీసి ఉన్న ఏ ఇంటి ప్లానుకూ మున్సిపాలిటీ వాళ్లు రేపటి నుంచి అనుమతి ఇవ్వకూడదు. పడకగది ఉండనివ్వండి. స్నానాల గది ఉండనివ్వండి. చెప్పుల స్టాండుకు ఒక మూల కేటాయించుకున్నా నాకేం అభ్యంతరం లేదు. కానీ నాలుగు గోడల మధ్య మంట పెట్టుకుని, దాని మీద గిన్నె పెట్టుకుని, ఆ గిన్నెలో ఉడికింది తినడం ఈ కాలపు మనిషి చేసే పనేనా?

బయట తినాలి. ఇంట్లో కేకులు చేసి స్నేహితులకు పంచాలి. ఈ రెండూ చేసేవాడే నాగరికుడు. నంద్యాలలో నాకు తెలిసిన మర్యాదస్తులంతా ఇప్పుడు అదే చేస్తున్నారు. నేనూ, నా భార్య జ్యోత్స్నా మూడేళ్లుగా ఇదే దారిలో ఉన్నాం. వారానికి నాలుగు పూటలు హోటలు, మిగతా పూటలు పార్సిలు. మధ్యలో ఆకలేస్తే ఫ్రిజ్‌లో రెడ్ వెల్వెట్ కేకు ఉంటుంది.

ఇంత చక్కని ఏర్పాటును ఒప్పుకోని మనిషి నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. పేరు ఎలీషా. ఆళ్లగడ్డలో డ్రిల్లు మాస్టారు, నాకు పాతికేళ్ల స్నేహితుడు. నాలుగు నెలల కిందట అతని భార్య లూదియా చనిపోయింది. అప్పటి నుంచి మేం స్నేహితులమంతా కలిసి అతన్ని పదకొండు హోటళ్లు తిప్పాం. పదకొండు! అయినా తృప్తి లేదు. ఒకటే కోరిక పట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, ఒక పూట మీ ఇంట్లో ఇంత అన్నం పెట్టన్నా. పప్పు చాలు" అంటాడు.

విన్నారు కదా? తందూరీ తినిపించిన నోటితో పప్పు అడుగుతున్నాడు! ఏసీ హాలు చూపించిన కళ్లతో మా ఇంటి డైనింగ్ టేబుల్ చూస్తానంటున్నాడు! ఆ టేబుల్ మీద మేం ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటాం. ఈ మొండిమనిషికి బుద్ధి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ పేపరు అతని స్కూలు స్టాఫ్‌రూముకు వస్తుంది, చదవక చస్తాడా?

ముందు వంటగది మాట తేల్చుకుందాం. మా ఇంట్లో కూడా వంటగది ఉంది, దాచను. మూడేళ్ల కిందట ఈ కొత్త ఇంటికి మారేటప్పుడు బిల్డరు మాకు చెప్పకుండా పెట్టేశాడు. మాడ్యులర్ కిచెన్. లాగితే అరలు, తోస్తే అరలు. పైన చిమ్నీ. ఆ చిమ్నీ ఇంతవరకూ పొగ మొహం చూసి ఎరగదు. ఇంటికి వచ్చినవాళ్లకు ఆ గది ప్రత్యేకంగా చూపిస్తాం. వాళ్లు గడప దగ్గరే ఆగి, లోపలికి తొంగి చూసి, "అబ్బ, ఎంత నీట్‌గా పెట్టుకున్నారు!" అంటారు. అదే వంట చేసి ఉంటే ఈ మాట వచ్చేదా?

రాగిసంగటినే తీసుకోండి. మా అమ్మ రోజూ కెలికి పెట్టేది. మేం రోజూ మొహం చిట్లించుకునేవాళ్లం. ఇప్పుడు అదే సంగటిని బైపాస్ రోడ్డులో, గోడకు ఎద్దులబండి చక్రం తగిలించిన ఒక రెస్టారెంటులో మట్టిమూకుడులో పెట్టి ఇస్తున్నారు. దానికోసం గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీల్లో నలభై నిమిషాలు కూర్చుంటాం. మైకులో మా పేరు పిలిస్తే పదో తరగతి పాసైనంత సంబరం! అమ్మ ఒక్కరోజైనా మమ్మల్ని అట్లా కూర్చోబెట్టిందా? అడక్కుండానే పెట్టేసి తన సంగటికి తనే విలువ లేకుండా చేసుకుంది, పిచ్చితల్లి.

మెనూ కార్డు ఎప్పుడైనా శ్రద్ధగా చదివారా? అచ్చం మా బైబిలు లాగే ఉంటుంది. మొదట ఆదికాండంలో సూపులు, చివర ప్రకటన గ్రంథంలో ఐస్‌క్రీములు. మధ్యలో సంఖ్యాకాండం. చికెన్ సిక్స్టీఫైవ్, పనీర్ సిక్స్టీఫైవ్, గోబీ సిక్స్టీఫైవ్. మేం అందరం తలా ఒక కార్డు పట్టుకుని అరగంట పారాయణం చేస్తాం. వెయిటరు పెన్ను పట్టుకుని నిలబడి ఉంటాడు. చివరికి అందరం కలిసి బిర్యానీ చెప్తాం.

పైగా హోటల్లో ఉండే కుటుంబశాంతి ఇంట్లో ఎక్కడిది? ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే మూతి ముడుచుకుంటాం, కంచం జరుపుతాం, ఒక పూటంతా మాటలుండవు. హోటల్లో ఉప్పు ఎక్కువైతే చడీచప్పుడు లేకుండా తినేస్తాం. మేనేజరు వచ్చి "ఎట్లుంది సార్?" అంటే "సూపర్!" అంటాం. ముప్పై ఏళ్లు ఇంట్లో వండిన మనిషితో ఏనాడూ అనని మాటను, పేరు కూడా తెలియని మనిషితో చిరునవ్వుతో అనేస్తాం. మనలో ఇంత సంస్కారం ఉందని హోటలుకు పోయేదాకా మనకే తెలియదు.

ఒక్క చిక్కు మాత్రం వచ్చేది, ప్రార్థనతో. మాది క్రైస్తవ కుటుంబం, ముద్ద నోట్లో పెట్టేముందు కళ్లు మూసుకుంటాం. ఒకసారి పాస్టరుగారితో కలిసి పన్నెండు మందిమి హోటలుకు వెళ్లాం. సూపులు వచ్చాయి. పాస్టరుగారు మొదలుపెట్టారు. వండిన చేతుల కోసం, పండించిన రైతుల కోసం, వానల కోసం, ఉద్యోగాలు లేని యువకుల కోసం, యుద్ధాలు జరుగుతున్న దేశాల కోసం వరసగా ప్రార్థించారు. "ఆమెన్" అని కళ్లు తెరిచేసరికి టేబుల్ మీద ఒక్క గిన్నె లేదు! తలలు వంచుకుని, ఉలుకూపలుకూ లేకుండా కూర్చున్న పన్నెండు మందిని చూసి, సూపు నచ్చలేదేమోనని వెయిటరు భయపడి అన్నీ వెనక్కి తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి మేం ప్రార్థన కుదించాం. ఇప్పుడు పళ్లెం రాగానే ఫోన్లతో ఫోటో తీసి, అదే ఊపులో ఆమెన్ అంటాం.

ఇక రెండో భాగ్యం, కేకులు.

పాత రోజుల్లో క్రిస్మస్ కేకు ఎట్లా చేసేవాళ్లమో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మైదా, గుడ్లు, పంచదార ఇంట్లోనే కలిపి, అల్యూమినియం గిన్నెల్లో పోసి, గిన్నెకొక పేరు చీటీ అంటించి ఊళ్లో బేకరీకి మోసుకుపోయేవాళ్లం. అందరి గిన్నెలూ ఒకే భట్టీలో కాలేవి. కాలేదాకా ఆడవాళ్లు బెంచీల మీద కూర్చుని ఒకరి జడ ఒకరు అల్లుకుంటూ లోకంలోని కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లు. వేడికి చీటీలు మాడిపోయేవి. మా కేకు వాళ్లింటికీ, వాళ్ల కేకు మా ఇంటికీ వచ్చేది. అయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఎంత అనాగరికం! ఇప్పుడు మా ఓవెన్ మాది, మా కేకు మాది. జ్యోత్స్న ఒక్కతే వంటగదిలో నిలబడి, నూట ఎనభై డిగ్రీలు పెట్టుకుని, ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడే అవసరం లేకుండా కేకు చేసుకుంటుంది.

అంత కష్టపడి చేసిన కేకు ఎవరికి? స్నేహితులకే! నా స్నేహితుల్లో సగం మందికి షుగరు ఉంది. మిగతా సగం మంది ఇంకా టెస్టు చేయించుకోలేదు. అయినా మేం వెనక్కి తగ్గం. పుట్టినరోజుకు కేకు, పెళ్లిరోజుకు కేకు, రిటైర్మెంటుకు కేకు, ఇంటి బోరులో నీళ్లు పడితే కేకు. వాళ్లు కూడా ఎంతో మర్యాదగా తీసుకుని, ఫోటో తీసి, స్టేటస్ పెట్టి, పెట్టె మూత వేసేస్తారు. ఆ పెట్టె తర్వాత ఎక్కడికి పోతుందో అడగడం పద్ధతి కాదు.

పోయిన మే నెలలో ఎలీషా వాళ్లింటికి ఒక చీజ్‌కేకు తీసుకుపోయాం. నంద్యాల ఎండలో చీజ్‌కేకు! అప్పటికి లూదియా బాగానే ఉంది. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కేకు పెట్టెను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బయల్దేరాం. శిరివెళ్ల దాటేసరికి పెట్టె అడుగు తడిసింది. ఆళ్లగడ్డలో దిగేసరికి నా ప్యాంటు మోకాళ్ల దాకా స్ట్రాబెర్రీ రంగు. జ్యోత్స్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

లూదియా పెట్టె తెరిచి చూసింది. ఏమాత్రం తడుముకోకుండా ఒక గిన్నె తెచ్చి అందులోకి వంచేసింది. నాలుగు గ్లాసుల్లో పోసి అందరికీ ఇచ్చి, తనూ గటగటా తాగి, "పాయసం శానా బాగుందక్కా! ఎట్ల చేసినావో నాకూ చెప్పు" అంది. ఏడవబోయిన మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత లూదియా మాకు అన్నం పెట్టింది. అన్నం, పప్పు, వేరుశనగ బుడ్డల చట్నీ. ఆమెకు డెజర్ట్ గురించి బొత్తిగా తెలియదు, అన్నం పెట్టడమే తెలుసు.

ఆ అన్నం నాకు కొత్త కాదు. ఆళ్లగడ్డ స్కూల్లో నేను లెక్కల మాస్టారుగా తొమ్మిదేళ్లు చేశాను. స్కూలు వెనకే వాళ్లిల్లు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఎలీషా నా రెక్క పట్టుకుని లాక్కుపోయేవాడు. "రా బావా, ఉడుకుడుగ్గా ఉంది" అనేది లూదియా. వస్తానని ఒక్కరోజూ నేను ముందు చెప్పలేదు. చెప్పలేదేమని ఒక్కరోజూ ఆమె అడగలేదు. తొమ్మిదేళ్లు అట్లా తిన్నాను. ఒక్కసారైనా "సూపర్" అన్నానా? అనలేదు. అక్కడ మేనేజరు లేడు కదా!

సరే, ఆమె పోయింది. రెండు రోజుల జ్వరం అనుకున్నారు, మూడో రోజు మనిషి లేదు. కూతురు బ్లెస్సీ సున్నిపెంటలో కాపురం చేసుకుంటోంది, తండ్రిని వచ్చి తమతో ఉండమంది. ఇంకా మూడేళ్ల సర్వీసు వదులుకుని ఎట్లా పోతాడు? ఆళ్లగడ్డలోనే ఒక్కడూ మిగిలాడు. ఉప్పు ఏ డబ్బాలో ఉందో ఆ ఇంట్లో అతనికి తెలియదు.

ఇట్లాంటప్పుడు స్నేహితులు ఏం చేయాలి? వెనకటికైతే వంతులు వేసుకుని క్యారియర్లు మోసేవాళ్లు, పక్కన కూర్చుని కొసరి కొసరి తినిపించేవాళ్లు. మేం ఆధునికులం. "ఇంట్లో కూర్చుంటే దిగులు పడతాడు, బయటికి తీసుకుపోదాం" అని తీర్మానించాం. ఆ తీర్మానం పెట్టింది నేనే. వీలైన ప్రతి వారాంతం ఒక హోటలు. ఎలీషా బస్సెక్కి నంద్యాల రావడం, మేం అతన్ని ఒక స్నేహితుడి కార్లో ఎక్కించుకుని ఫ్యామిలీ సెక్షనులో కూర్చోబెట్టడం. మీరే చెప్పండి, ఇంతకంటే ఎవరైనా ఏం చేస్తారు?

కానీ ఎలీషాకు హోటల్లో కూర్చోవడం చేతకాదు. మెనూ ఇస్తే చూడడు. ఎదురుగా ఉన్న నా వైపే చూస్తాడు. కాసేపయ్యాక గొంతు సవరించుకుంటాడు.

"ఆ పొద్దు పొద్దున్నే అన్నా... ఆమె నన్ను పిలిచి ఏమన్నదంటే..."

"స్టార్టర్స్ ఏం తీసుకుంటారు సార్?"

చెప్తాం. వెయిటరు పోతాడు. మళ్లీ మొదలుపెడతాడు.

"నా చెయ్యి పట్టుకున్నదన్నా. పట్టుకోని..."

"సార్, బిర్యానీ ఫుల్లా, హాఫా?"

పదకొండు హోటళ్లలో పదకొండుసార్లు ఆ మాట మొదలైంది. పదకొండుసార్లూ ఎవరో ఒకరు వచ్చారు. ఒకచోట నిమ్మకాయ ముక్కలేసిన వేడినీళ్ల గిన్నె వచ్చింది, ఒకచోట ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చింది. చనిపోయే రోజు లూదియా ఏమందో ఈ రోజుకీ నాకు తెలియదు. చేపల ఫ్రై మాత్రం ఎక్కడ బాగుంటుందో తెలుసు.

అసలు ముచ్చట రెండో నెలలో జరిగింది. లూదియా పుట్టినరోజు వచ్చింది. ఆమె పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజు. ఆ రోజు ఎలీషాను ఒంటరిగా వదలకూడదనుకున్నాం. నంద్యాలలోనే ఒక హోటలు పైఅంతస్తులో చిన్న పార్టీ హాలు మాట్లాడాం. పాస్టరుగారు వచ్చి నాలుగు ఆదరణ మాటలు చెప్తారు, ఒక పాట పాడుకుంటాం, భోంచేస్తాం. జ్యోత్స్న రెండు రోజులు కష్టపడి బ్లాక్ ఫారెస్టు చేసింది. పైన తెల్ల క్రీముతో "ప్రియమైన లూదియా" అని రాసింది. ఆమె మనసులో ప్రేమే ఉంది. అది నేను ఎక్కడైనా చెప్తాను.

మా తప్పల్లా ఒకటే. ఆ హాల్లో కేకు కనబడితే ఏం చేయాలో హోటలువాళ్లకు ముందే నేర్పించి ఉంచారు. మేం ఆ సంగతి మర్చిపోయాం.

పాస్టరుగారు కీర్తన చదివి బైబిలు మూశారు. కేకు టేబుల్ మీద పెట్టాం. లైట్లు టప్పున ఆరిపోయాయి. నెత్తిన కాగితం టోపీలు పెట్టుకున్న ముగ్గురు సర్వర్లు పరుగున వచ్చి, కేకు మధ్యలో చిచ్చుబుడ్డి లాంటి క్యాండిలు గుచ్చి వెలిగించారు. స్పీకర్లలో హ్యాపీ బర్త్‌డే పాట మొదలైంది. పైన కట్టిన బెలూను ఢామ్మని పేలి, ఎలీషా నెత్తి మీద రంగు కాగితాలు రాలాయి.

ఆపండి అని ఎవరన్నా అన్నారా? లేదు. ఎందుకంటే మా చేతులు అప్పటికే చప్పట్లు కొట్టేస్తున్నాయి! ఏళ్ల తరబడి కేకులు కోసిన చేతులు, అవి ఎవరి మాట వింటాయి? పాస్టరుగారు కూడా రెండు చప్పట్లు కొట్టి, మూడోది గాల్లోనే ఆపుకుని, ఆ చేతుల్ని అట్లాగే జోడించి కళ్లు మూసుకున్నారు.

ఎలీషా ప్లాస్టిక్ కత్తి తీసుకున్నాడు. మర్యాదస్తుడు కదా, వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారని కోశాడు. అలవాటు ప్రకారం మొదటి ముక్క వేళ్లతో తీసి, ఎడమ పక్కకు తిరిగి, చెయ్యి ఎత్తాడు.

ఆ పక్కన ఎవరూ లేరు.

చెయ్యి అట్లాగే ఉండిపోయింది. పాట అయిపోయింది, లైట్లు వచ్చాయి, క్రీము వేళ్ల మీదుగా కారుతోంది. చెయ్యి దించడం అతనికి తోచలేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలి కదా! నేను ముందుకు పోయి, నోరు తెరిచి, ఆ ముక్క తినేశాను. తిని ఊరుకున్నానా? "చాలా సాఫ్ట్‌గా వచ్చింది" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో చచ్చినంత పనవుతుంది.

ఆ రోజు బస్టాండులో దింపేటప్పుడు మొదటిసారి అడిగాడు.

"అన్నా, ఈ హోటళ్లు వద్దుగానీ, మీ ఇంట్లో ఒక పూట అన్నం పెట్టన్నా. పప్పు చాలు. కూచోని ఆమె గురించి మాట్లాడుకుందాం."

"ఏందప్పా, అన్నానికేం భాగ్యం? తప్పకుండా!" అన్నాను. హోటల్లో మేనేజరుతో మాట్లాడి మాట్లాడి అట్లాంటి మాటలు నాకు నోటి చివరే ఉంటాయి.

తర్వాతి ఆదివారం అడిగాడు. ఇంటికి రంగులేస్తున్నారని చెప్పాను. ఆ తర్వాతి ఆదివారం గ్యాసు అయిపోయిందన్నాను. గ్యాసు ఎట్లా అయిపోతుంది, వాడితే కదా! మూడో ఆదివారం ఎప్పుడూ తినని వంటకాలేవో ఉన్నాయని చెప్పి ఏడో హోటలుకు లాక్కుపోయాను. ఎందుకు తప్పించుకున్నానో అప్పుడు నన్ను నేను అడగలేదు. హోటల్లో అయితే ఏడ్చే మనిషి ఎదురుగా కూర్చున్నా మెనూ కార్డు అడ్డం పెట్టుకోవచ్చు. ఇంట్లో ఏం అడ్డం పెట్టుకుంటాం?

పోయిన సోమవారం ఎలీషా పడిపోయాడు. పొద్దున ప్రేయరులో పిల్లల చేత "సావధాన్!" చేయించి, తను మాత్రం గ్రౌండులో కుప్పకూలాడు. షుగరు మాత్ర వేసుకున్నాడు, తిండి తినలేదు. శని ఆదివారాలు మేం కుక్కి కుక్కి పెట్టిన తిండి పోను, మిగతా ఐదు రోజులూ బన్నూ టీతో నెట్టుకొస్తున్నాడని అప్పుడు తెలిసింది. ప్యాంటు జారిపోకుండా బెల్టుకు మేకుతో రెండు కొత్త బెజ్జాలు పొడుచుకున్నాడు. పదకొండు హోటళ్లలో ఎదురుగా కూర్చున్నాను, ఆ బెజ్జాలు నా కంట పడలేదు!

విషయం తెలియగానే మేం ఆసుపత్రికి పరుగెత్తాం. ఉత్తచేతులతో పోలేదు సుమా. షుగర్‌ఫ్రీ చీజ్‌కేకు పట్టుకుని పోయాం.

మంచం మీద సెలైను ఎక్కుతోంది. డాక్టరుగారు వచ్చి, "ఇంటి భోజనం, వేళకు తినాలి. బయట తిండి మానేయండి" అని నా మొహం చూసి చెప్పారు. రోగి ఎలీషా అయితే నా మొహం చూడటమెందుకు? ఆయన అటు పోగానే ఎలీషా నెమ్మదిగా నా చెయ్యి పట్టుకున్నాడు.

"అజయన్నా, ఇంగ నిన్ను అడగను. ఈ ఆదివారం ఆరాధన అయినంక నేనే వస్తాండా మీ ఇంటికి. పెడితే తింటా. పెట్టకుంటే ఊరకనే కూచోని పోతా. ఆమె చెప్పిన మాట ఎవురికన్నా చెప్పాలన్నా. లోపల పెట్టుకోని ఉండలేకపోతాండా."

ఈసారి "తప్పకుండా" అనలేకపోయాను. చెయ్యి మాత్రం గట్టిగా నొక్కాను.

ఇంటికి వచ్చి జ్యోత్స్నతో చెప్పాను. "ఆదివారం ఎలీషా వస్తున్నాడు. అన్నం, పప్పు చేసెయ్" అన్నాను, ఆర్డరు చెప్పినట్టే.

జ్యోత్స్న చేతిలో కేకు పిండి కలిపే బీటరు ఆపింది.

"నేను చెయ్యను" అంది.

"ఏందీ?"

"ముప్పై ఏండ్లు చేసినా. పప్పు చేస్తే ఉప్పు తక్కువైందంటిరి, పులుసు చేస్తే కారం ఎక్కువైందంటిరి. బాగుండిన పొద్దు ఏమన్నారో చెప్పండి? ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కోని లేచిపోయినారు. ఒక్కసారి కేకు చేస్తే ఇరవై మంది చప్పట్లు కొట్టినారు. ఇంగ నేనెందుకు పప్పు చేస్తా?"

మూడేళ్లుగా కేకుల పిచ్చి అని నేను ఎగతాళి చేస్తున్నదానికి కారణం ఇంత చిన్నదా? ఇన్నేళ్లూ ఇదే ఇంట్లో ఉండి నాకు తెలియలేదా?

"మరి ఎలీషా?" అన్నాను.

"వచ్చేది మీ స్నేహితుడు. లూదియా చేతి అన్నం తొమ్మిదేండ్లు తినింది మీరు. మీరే వండండి. నేను ఎలీషాతో పాటు కూచుంటా. మా ఇద్దరికీ వడ్డించండి. ఆమె ఏం చెప్పిందో నాకూ వినాలని ఉంది."

"నాకు పప్పు చేయడం ఏం తెలుసు జ్యోత్స్నా?"

"కుక్కరు పక్క గదిలోనే కదా పెడతాంటి. మీరు లెక్కల మాస్టారు. ముప్పై ఏండ్లు పేపరు చదువుకుంటా వింటిరి కదా. పప్పుకు ఎన్ని విజిల్సో ఒక్కనాడన్నా లెక్కపెట్టలేదా?"

అని బీటరు మళ్లీ ఆన్ చేసుకుంది.

లెక్కపెట్టలేదు. పాఠకులారా, నిజంగానే లెక్కపెట్టలేదు. నేను ఇది రాస్తున్నది గురువారం సాయంత్రం. వంటగదిలో నిలబడి రాస్తున్నాను. అరకిలో కందిపప్పు తెచ్చాను. టమాటాలు, పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు తెచ్చాను. ఇస్త్రీ బట్టలు తీసేసి డైనింగ్ టేబుల్ తుడిచాను. ఈ పేపరు మీ ఇళ్లకు వచ్చేది శనివారం. ఎలీషా వచ్చేది ఆదివారం మధ్యాహ్నం.

పైన రాసినదంతా వదిలేయండి. మీ ఇంట్లో వంట చేసే మనిషి దగ్గరికి పోయి, బాగా చేస్తున్నావని ముందు ఒక మాట చెప్పి, ఆ తర్వాత నా కోసం అడగండి. ముగ్గురికి పప్పు ఎంత వేయాలి, నీళ్లు ఎన్ని పోయాలి, ఎన్ని విజిల్స్ రానివ్వాలి?